అరకు ఘాట్‌లో ట్రాఫిక్ జామ్‌లు ఎందుకు? పార్కింగ్‌కు దారేది?

చలికాలం వచ్చిందంటే చాలు.. అరకు లోయకు పర్యాటకుల తాకిడి మొదలవుతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో వీకెండ్ వచ్చిందా, శృంగవరపుకోట దాటాక కార్లు బారులు తీరాల్సిందే. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల ప్రయాణం. మామూలు రోజుల్లో మూడు గంటల పైచిలుకు పడుతుంది. రద్దీ రోజుల్లో ఎప్పటికి చేరతారో చెప్పడం కష్టం. అసలు సమస్య ఎక్కడ? పరిష్కారం ఏంటి?

ఒకటే రోడ్డు.. ఎన్నో అవసరాలు

పర్యాటకుల కార్లు, ఆర్టీసీ బస్సులు, సంతకు సరుకు తెచ్చే జీపులు, ఆటోలు.. అన్నీ అనంతగిరి ఘాట్ మీదుగానే వెళ్లాలి. అరకు ఏరియా ఆసుపత్రి నుంచి విశాఖ కేజీహెచ్‌కు తరలించే రోగులకూ ఇదే దగ్గరి దారి. డోలీలో కొండ దిగి, రోడ్డెక్కిన గర్భిణికి అంబులెన్స్ దొరికినా.. ముందు కార్లు కదలకపోతే ప్రాణాల మీదకు వస్తుంది. అందుకే ఇది ఒక్క పర్యాటకుల ఇబ్బంది కాదు.

జామ్ ఎలా మొదలవుతుంది?

ఘాట్‌లో ట్రాఫిక్ ఆగడానికి వందల కార్లు అక్కర్లేదు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గరో, బొంగు చికెన్ దుకాణం ముందో రెండు కార్లు రోడ్డు అంచున ఆగితే చాలు. మలుపులో ఎదురుగా బస్సు వస్తే రెండువైపులా నిలిచిపోతుంది. ఇంతలో ఒకరు ఓవర్‌టేక్ చేయబోతే వెనక్కి తీసే చోటు కూడా ఉండదు.

నిజానికి రూల్స్ ఉన్నాయి. ఇరుకు కొండ రోడ్డుపై దిగే వాహనం ఆగి, ఎక్కే వాహనానికి దారివ్వాలి. మలుపుల్లో పార్కింగ్ నిషేధం. ఘాట్‌లో ఏమరుపాటు ఎంత ప్రమాదమో 2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర టూరిస్ట్ బస్సు లోయలో పడి నలుగురు చనిపోయిన ఘటన చెబుతోంది.

పార్కింగ్ లెక్క ఇదీ

తిరిగే దారితో కలిపి ఒక కారుకు సుమారు 23 చదరపు మీటర్ల స్థలం కావాలి. అంటే ఎకరాకు 175 కార్లకు మించి పట్టవు. ట్రైబల్ మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ దగ్గర ఖాళీ ఉందో లేదో తెలియక డ్రైవర్లు చుట్టూ తిరుగుతుంటారు. ఆ తిరుగుడే ఊళ్లో సగం రద్దీ అనిపిస్తుంది. వచ్చే, పోయే కార్లను గేటు దగ్గర లెక్కపెట్టి, ఖాళీల సంఖ్యను శృంగవరపుకోటలోనే బోర్డుపై చూపితే కొంత ఊరట. ఘాట్‌లో సెల్ సిగ్నల్ సరిగా అందదు కాబట్టి యాప్ కంటే బోర్డే మేలు.

భూమి విషయంలో జాగ్రత్త

ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా అనంతగిరి మండలంలోని మైనింగ్ లీజుల కేసులోనే వచ్చింది. కాబట్టి పార్కింగ్ స్థలాలు స్థానిక గిరిజనుల ఆధ్వర్యంలో, గ్రామసభ ఆమోదంతో నడవాలి. అప్పుడు రుసుము కూడా ఊళ్లోనే ఉంటుంది.

మిగతా చోట్ల ఏం చేశారు?

తిరుమలలో 1944లో తొలి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఇప్పుడు ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. ఊటీ, కొడైకెనాల్‌లలో మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ అమలవుతోంది. అరకుకు రెండో ఘాట్ లేకపోయినా మరో దారి ఉంది. శృంగవరపుకోట మీదుగా ఎక్కి, చాపరాయి చూసుకుని, పాడేరు, చోడవరం మీదుగా విశాఖకు దిగొచ్చు. రద్దీ రోజుల్లో టూరిస్ట్ కార్లను ఇలా మళ్లిస్తే అనంతగిరి ఘాట్‌పై భారం తగ్గుతుంది.

వెళ్లేవారు ఇవి గుర్తుంచుకోండి

* వీలైతే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. 2017 నుంచి దీనికి అద్దాల కోచ్ ఉంది. 
* కారైతే తెల్లవారుజామునే బయల్దేరండి. పొగమంచులో లైట్లు వేసుకుని నెమ్మదిగా నడపండి. 
* సెల్ఫీ కోసం మలుపులో ఆపొద్దు. 
* సైరన్ వినిపిస్తే ఎడమ అంచుకు తప్పుకోండి. అందులో ఉన్నది ఎవరింటి మనిషైనా కావచ్చు.