వంటింటి నేలకు ఏ రాయి? కొనే ముందు నిమ్మచుక్కతో పరీక్ష

తాండూరు, షాబాద్, కడప బండలు సున్నపురాయి రకాలు. మార్బుల్‌లోనూ ప్రధానంగా ఉండేది ఆ సున్నమే. చింతపండు పులుసో నిమ్మరసమో పడితే వీటి పాలిష్ తినేసి మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు. గ్రానైట్‌కు ఆ భయం చాలా తక్కువ.

అందుకే షాపులో చిన్న ముక్క అడిగి తెచ్చుకోండి. దానిపై నిమ్మరసం చుక్క వేసి, పావుగంట తర్వాత తుడవండి. మెరుపు తగ్గిందంటే సున్నపురాయే. మరోచోట నీటిచుక్క వేయండి. రాయి నల్లబడితే నీళ్లు, నూనె పీల్చుకుంటుందని అర్థం. దానికి సీలర్ పూయించాలి.

అద్దంలాంటి పాలిష్ తడిస్తే జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ మేలు.

తుడవడానికి నీళ్లలో కొద్దిగా గిన్నెల లిక్విడ్ చాలు. సున్నపు రాళ్లపై యాసిడ్, వెనిగర్, బాత్రూం క్లీనర్ అసలు వాడొద్దు. పులుసు ఒలికితే వెంటనే తుడిచేయండి.