కీల్పాక్ గోడల నుంచి ఇంటి గడప దాకా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో మనోవైద్య చరిత్ర చాలాకాలం పాటు దూరపు ఊళ్లకు చేసిన ప్రయాణాల చరిత్రే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనూ, పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటులోనూ ఉండేవి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలే. ఆ ప్రెసిడెన్సీ రాజధానిలోని పిచ్చాసుపత్రి 1871 నుంచి కీల్పాక్‌లో ఉంది. 1912 నాటి చట్టం కింద మనిషిని అక్కడ చేర్చాలంటే బంధువులు ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలతో మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి. వైద్యానికి దారి కచేరీ మీదుగా పోయేది. దానికంటే తాయత్తు, అంత్రం, గుడి దగ్గర ముడుపు పల్లెజనానికి దగ్గరగా ఉండేవి. గాలి సోకిందంటే ఇంటి పరువు నిలిచేది, పిచ్చి అంటే పోయేది.

అదే 1912లో మదనపల్లెలో క్షయరోగులకు క్రైస్తవ మిషన్లు కలిసి ఒక శానిటోరియం ప్రారంభించాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపిన ఆ సంస్థ 1915లో ఊరి బయటి ఆరోగ్యవరానికి మారింది. క్షయ కూడా అప్పట్లో దాచుకునే జబ్బే, పెళ్లి సంబంధాలు తప్పిపోయే జబ్బే. 1948లో దేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం మదనపల్లెలోనే మొదలైంది. 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన ఇంట్లో ఉండి మందులు వాడినవారు శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారని చూపించింది. దగ్గు తగ్గగానే మందు మానేస్తే క్షయ తిరగబెడుతుందని ఈ సీమ దశాబ్దాల పాటు విన్నది. మనోవ్యాధి మందులకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో చాలావాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, నిద్ర కుదిరిందని మధ్యలో ఆపేస్తే జబ్బు మళ్లీ రావచ్చు.

మనోవైద్యం కూడా 1950లలోనే గోడలు దాటడం ప్రారంభించింది. క్లోర్‌ప్రోమజైన్ వంటి మందులు రావడంతో ఇంటికి తిరిగివెళ్లగల రోగులు పెరిగారు. చిత్తూరుకు దగ్గరలోని వేలూరులో 1957లో క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రాన్ని డాక్టర్ ఫ్లారెన్స్ నికోల్స్ స్థాపించారు. రోగితో పాటు ఇంటివాళ్లు కూడా అక్కడే ఉండి, జబ్బును అర్థం చేసుకుని, మందులు ఇచ్చే తీరు నేర్చుకునే పద్ధతి ఆ కేంద్రానికి పేరు తెచ్చింది. తల్లినో భార్యనో వైద్యంలో భాగస్తురాలిని చేసిన ఈ మార్పు, మందులు తెచ్చిన మార్పుకు ఏమాత్రం తీసిపోదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక సొంత రాష్ట్రపు మానసిక వైద్యశాల విశాఖపట్నంలో, వందల కిలోమీటర్ల దూరాన మిగిలింది. బెంగళూరు పక్కనే ఉంది. అక్కడి మానసిక ఆసుపత్రి 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థతో జతపడి, 1974లో జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్) అయింది. కుప్పం నుంచి నేరుగా రైలు, మదనపల్లె నుంచి బస్సు. ఈ సీమకు రాష్ట్ర సరిహద్దు కంటే రోడ్డే ముఖ్యమైంది.

బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. మామూలు ఆసుపత్రి డాక్టరే ఈ జబ్బులను గుర్తించి మందివ్వడం దాని మూలసూత్రం. అయినా మొక్కుల దారి ఆగలేదు. 2001 ఆగస్టు 6న, మనోరోగులను మొక్కుకు తీసుకెళ్లే తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర మంటలు రేగి, గొలుసులతో కట్టివున్న 28 మంది రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మొక్కుకు వెళ్లడం తప్పు కాదు. గొలుసు వేయడం, వైద్యం అందనివ్వకపోవడం ఘోరం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులకు గొలుసులు వేయడాన్ని నిషేధించింది, మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా రాసింది.

కుప్పంలో ఇప్పుడు వైద్య కళాశాల ఆసుపత్రే ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర పట్టనివారు, బతుకు మీద విసుగు పుట్టినవారు, వారిని చూసి దిగులుపడే ఇంటివారు ఆ నంబరుకు ఫోన్ చేయాలి.