తెరపై శాస్త్రవేత్త, మదనపల్లెలో బి.సి.జి. పరీక్ష

తెలుగు ప్రేక్షకులు ఆదరించిన చిత్రాలలో శాస్త్రవేత్త సాధారణంగా ఏకాకి. ‘ఆదిత్య 369’ (1991)లో ప్రొఫెసర్ రాందాస్ కాలయంత్రాన్ని సొంతంగా నిర్మిస్తాడు. తమిళం నుండి వచ్చిన ‘రోబో’ (2010)లో వశీకరన్ ఇద్దరు సహాయకులతో యంత్రమానవుణ్ణి రూపొందిస్తాడు. కల్పనకు ఆ స్వేచ్ఛ ఉండవలసిందే. కాలప్రయాణం అసాధ్యమని ఆక్షేపించడం రసభంగం. ఆక్షేపించదగినది మరొకటి. ‘రోబో’లో యంత్రాన్ని పరీక్షించి ఆమోదం నిరాకరించే ఆచార్యుడు బోరాయే ప్రతినాయకుడు. ఆజ్ఞాపిస్తే ఆ యంత్రం సృష్టికర్తపైనే కత్తి ఎత్తుతుందని అతడు నిరూపించాడు. అది ఉపేక్షించదగిన లోపం కాదు. అయినా కథలో ఆ పరీక్ష అసూయగానే మిగిలింది.

పుంగనూరు, కుప్పం పట్టణాలున్న నాటి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె చెంత, పరీక్షించడమే ప్రధానకార్యంగా సాగిన పరిశోధన ఒకటుంది. 1915లో ఆరోగ్యవరంలో వెలసిన క్షయ చికిత్సాలయం దానికి ఆధారం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా తొలుత మొదలైన కేంద్రాలలో మదనపల్లె ఒకటి. టీకాపై వివాదమూ తక్కువ కాదు. 1955లో రాజాజీ దానిని బహిరంగంగా వ్యతిరేకించారు. ఇరుపక్షాలూ కోరినది ఒకే మాట: పనిచేస్తుందా, లేదా?

ఆ మాట సులభంగా దొరకలేదు. 1950 నుండి చుట్టుపక్కల గ్రామాలలో ట్యూబర్క్యులిన్ పరీక్షకు స్పందించనివారిని ఒకరు విడిచి ఒకరుగా విభజించి, 5,069 మందికి టీకా వేశారు; 5,808 మందికి వేయలేదు. 1973 నాటి నాలుగో నివేదిక ప్రకారం టీకా పొందినవారిలో 33 మందికి, పొందనివారిలో 47 మందికి క్షయ సోకింది. తగ్గుదల సుమారు 20 శాతం. ఇంత చిన్న సంఖ్యలలో ఆ తేడా యాదృచ్ఛికమూ కావచ్చు. బ్రిటన్‌లో ఇదే టీకా సుమారు 76 శాతం రక్షణ చూపింది.

కథ అయితే ఇక్కడ ఎవరో ఒకరు అబద్ధమాడి ఉండాలి. వాస్తవంలో మరింత పెద్ద పరీక్ష జరిగింది. 1968లో చెంగల్పట్టులో మొదలైన ఆ పరిశోధనలో సుమారు 88 వేలమంది చొప్పున రెండు వర్గాలను లెక్కించగా, టీకా వర్గంలో 505, రెండవ వర్గంలో 499 కేసులు తేలాయి. పరిసరాలలోని ఇతర మైకోబ్యాక్టీరియాల వలన ఇక్కడివారికి ముందే కొంత నిరోధకత ఏర్పడి ఉంటుందన్నది ఒక వివరణ, చర్చ ముగియలేదు. పసిపిల్లలను క్షయ మెదడువాపు నుండి కాపాడుతుంది గనుక టీకా నేటికీ కొనసాగుతున్నది.

మదనపల్లె నాలుగో నివేదికపై ఫ్రిమొట్-మొల్లర్, ఆచార్యులు, కేశవపిళ్లై పేర్లున్నాయి. ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి అవే మనుషులను మళ్లీ మళ్లీ పరీక్షించిన సిబ్బంది పేర్లు దాని శీర్షికలో లేవు.