ఎర్రజెండా నుంచి చలానా దాకా: స్పీడు చట్టం ఎవరి కోసం పుట్టింది?



పోయిన వారం మన గ్రూపులో చలానాల మీద పెద్ద చర్చే నడిచింది. స్పీడు లిమిట్ అనేది గవర్నమెంటు డబ్బులు గుంజడానికి పెట్టుకున్నదని చాలామంది రాశారు. ఒకప్పుడు నాదీ అదే మాట. మా గూడెంలో జరిగింది చూశాక మారింది. సంత చేసుకుని తలమీద బుట్టతో నడిచొస్తున్న మా పెద్దమ్మను వెనక నుంచి బైకు గుద్దింది. నడిపినోడు బయటివాడు కాదు, పక్క గూడెం పిల్లవాడే, ఇంటర్ చదువుతున్నాడు. లైసెన్సు లేదు, బండికి ఇన్సూరెన్సు లేదు. పెద్దమ్మకు తుంటి విరిగింది. రెండు కుటుంబాలూ అప్పులపాలయ్యాయి. ఈ చట్టం అసలు ఎందుకొచ్చిందో అప్పుడే చదవడం మొదలుపెట్టాను. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

మన మోటారు చట్టానికి పునాది వేసింది బ్రిటిష్ వాళ్లు. కాబట్టి కథ అక్కడే మొదలవుతుంది. 1865లో బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. అప్పటికి కార్లు లేవు, రోడ్ల మీద తిరిగేవి ఆవిరి ఇంజన్లు. ఊరి బయట గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు దాటకూడదు. అంటే మనిషి నడక వేగమే. పైగా బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ ఆ చట్టం వెనక ఉన్న ఆలోచన చూడండి: రోడ్డు నడిచేవాడిది, గుర్రబ్బండివాడిది, కొత్తగా వచ్చిన యంత్రమే వాళ్లకు తగ్గట్టు నడవాలి.

1896 జనవరిలో కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే కార్ల వ్యాపారి 2 మైళ్ల చోట 8 మైళ్ల వేగంతో పోయాడు. పోలీసు సైకిల్ మీద వెంబడించి పట్టుకున్నాడు. వేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు. అదే ఏడాది ఆగస్టులో లండన్‌లో బ్రిజెట్ డ్రిస్కాల్ అనే ఆవిడ కారు గుద్ది చనిపోయింది. కారు గుద్ది చనిపోయిన పాదచారుల్లో బ్రిటన్‌లో ఆమే మొదటిది. ఐనా అదే నవంబరులో లిమిట్ 14 మైళ్లకు పెంచారు. 1903లో 20 మైళ్లు చేసి, నంబరు ప్లేటు, లైసెన్సు తెచ్చారు.

అసలు పాఠం 1930లో ఉంది. 20 మైళ్ల లిమిట్‌ను ఎవరూ పాటించడం లేదని కార్లకు లిమిట్ మొత్తం ఎత్తేశారు. ఫలితం? 1934లో ఒక్క ఏడాదే 7,343 మంది రోడ్ల మీద చచ్చిపోయారు. అందులో సుమారు సగం మంది నడిచిపోయేవాళ్లు. 1935 మార్చిలో ఊళ్లల్లో 30 మైళ్ల లిమిట్ మళ్లీ పెట్టక తప్పలేదు. ఐతే 1930 చట్టమే ఒక మంచి పనీ చేసింది: బండి వల్ల దెబ్బతిన్న అవతలి మనిషి కోసం ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది.

ఇక మన దేశం. దేశం మొత్తానికి మొదటి మోటారు చట్టం 1914లో వచ్చింది. తర్వాత 1939 చట్టం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు దీని ద్వారానే వచ్చింది, కానీ అమల్లోకి వచ్చింది మాత్రం 1946 జూలైలో. నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునళ్లకు దారి వేసింది 1956 సవరణ. ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టం. అందులో సెక్షన్ 112 వేగం గురించి, 183 శిక్ష గురించి.

183 కింద మొదటిసారి దొరికితే 400 రూపాయల దాకా, మళ్లీ దొరికితే 1,000 దాకా జరిమానా. ముప్పై ఏళ్లు అదే రేటు. 2019 సెప్టెంబరు 1 నుంచి కార్ల లాంటి తేలిక బండ్లకు 1,000 నుంచి 2,000, లారీలు, బస్సులకు 2,000 నుంచి 4,000 అయింది. రెండోసారి దొరికితే లైసెన్సూ తీసేసుకుంటారు. ఐతే కోర్టుకు పోకుండా అక్కడికక్కడే కట్టే మొత్తాన్ని సెక్షన్ 200 కింద రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు. అందుకే గుజరాత్ ఆ నెలలోనే చాలా జరిమానాలు తగ్గించింది. రాష్ట్రానికో రేటు ఉండటానికి కారణం ఇదే.

చలానాల్లో అన్యాయం లేదని నేను అనడం లేదు. దానికీ చట్టంలో అడ్డు ఉంది. "నా కంటికి స్పీడుగా కనిపించావు" అని ఒక్క మనిషి చెప్తే శిక్ష వేయడానికి లేదు, యంత్రంతో కొలిచిన లెక్క ఉండాలి. ఇది 183లోనే రాసి ఉంది. బ్రిటన్ చట్టంలోనూ ఇలాంటి నియమమే ఉంది.

మన పిల్లలకు అసలు దెబ్బ స్పీడు చలానా కాదు, దాని వెనకవి. లైసెన్సు లేకపోతే 5,000. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000. మైనర్ తప్పు చేస్తే తండ్రికో, బండి ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అన్నిటికన్నా పెద్దది, ఇన్సూరెన్సు లేని బండి మనిషిని గుద్దితే ట్రిబ్యునల్ చెప్పిన సొమ్మంతా ఓనరే కట్టాలి. పోడు చేసుకునే తండ్రి ఎక్కడి నుంచి తెస్తాడు?

నడిచేవాళ్ల వైపు కూడా ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా పరిహారం ఉంది. 1988లో చనిపోతే 8,500, 1994లో 25,000 చేశారు, 2022 ఏప్రిల్ నుంచి 2 లక్షలు. తీవ్రంగా దెబ్బతింటే 50,000. దీనికి దరఖాస్తు రెవెన్యూ ఆఫీసులోనే ఇవ్వాలి. బండి దొరికిన కేసుల్లో ట్రిబ్యునల్‌కు ఆరు నెలల లోపు పోవాలన్న గడువు కూడా 2022లో పెట్టారు. "తర్వాత చూద్దాంలే" అని ఊళ్లో ఎవరైనా అంటే ఊరుకోకండి.

చివరగా ఒక పని. సెక్షన్ 112 ప్రకారం రోడ్డు తీరును బట్టి, జనం భద్రత కోసం, ఫలానా చోట ఇంత వేగమే అని రాష్ట్ర ప్రభుత్వం బోర్డు పెట్టించవచ్చు. ఘాట్ మలుపులు, ఆశ్రమ పాఠశాలల గేట్లు, సంత దారులు మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మీ ఊరి దగ్గర బోర్డు లేని చోట్లు గ్రూపులో రాయండి. లిస్టు తయారుచేసి అర్జీ నేను టైపు చేస్తా, సంతకాలు మీరు పెట్టించండి. ఇంటికెళ్లినప్పుడు మీ బండి ఇన్సూరెన్సు ఏ తేదీ దాకా ఉందో కూడా ఒకసారి చూడండి.