ఇసుకలో దిద్దిన యక్షరములు

బిడ్డకు అక్షరాభ్యాసము చేయునాఁడు మన యిండ్లలో పళ్లెమున బియ్యము పోసి, చిన్నవ్రేలు పట్టి ఓనమాలు దిద్దింతురు. ఆనాఁడు బిడ్డ నవ్వుచునే యుండును. కొలఁది దినములకే బడియనఁగా నేడ్చును. ఆ నవ్వు నడుమ నేమయ్యెను? ఈ ప్రశ్నకు మన పూర్వపు బడుల చరిత్రలో కొంత సమాధానము కలదు.

1823వ సంవత్సరమున బళ్లారి కలెక్టరైన కాంబెలు దొర తన జిల్లా బడులను గూర్చి యొక నివేదిక వ్రాసెను. 1816లో తెలుఁగు వ్యాకరణమును ప్రకటించినవాఁ డీతఁడే. ఆయన లెక్కకు వచ్చిన బడులు 533. వానిలో తెలుఁగువి 226. పిల్లవాఁడు అక్షరములను ముందుగా నోట వల్లింపక, నేలమీఁది యిసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుననియు, చేయి కుదిరిన పిమ్మటనే గంటమును గాని కలమును గాని పట్టుననియు ఆయన వర్ణించెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండు దీని ననుకరించుట యుచితమే యనెను.

ఆ యనుకరణమునకు కారకుఁడు ఆండ్రూ బెల్ అను మతాచార్యుఁడు. 1789 మొదలు ఆయన మద్రాసు ఎగ్మూరులోని బాలుర యనాథశరణాలయమును నడపెను. ఒకనాఁటి యుదయమున గుఱ్ఱమెక్కి పోవుచు, ఒక వీథిబడి పిల్లలు నేలపై గూర్చుండి యిసుకలో వ్రాయుట చూచెను. తన బడిలో నట్లే చేయింపఁబోఁగా ఉపాధ్యాయులు సమ్మతింపలేదు. అంతట నెనిమిదేండ్ల బాలు నొకనికే అక్షరముల తరగతి నప్పగించెను. పని సాగెను. 1797లో ఆయన లండనులో నీ ప్రయోగమును పుస్తకరూపమున ప్రకటించెను. ఇంగ్లండు బీదపిల్లల బడులలో నిసుకబల్లలు వెలసెను.

ఇంతవఱకు చదివి మనము గర్వింపవచ్చును. కాని కాంబెలు నివేదికలో మఱియొక భాగము కలదు. ఉదయమున బడికి మొదట వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూఁడవవానికొక దెబ్బ, నాలవవానికి రెండు, అటుపై నొక్కొక్కటి హెచ్చు. సోమరిని చేతులు కట్టి పైకప్పునకు వ్రేలాడఁదీయుదురు. మన పెద్దలు కోదండమన్న దిదియే. ఆ జిల్లా విద్యార్థులు 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. ఇసుక యందఱి వాకిటను గలదు. దానిలో వ్రాయు భాగ్యము మాత్ర మందఱికిని లేదు.

ఇంగ్లండువారు గ్రహించినదియు ముఖ్యముగా పొదుపే. ఒక్క యుపాధ్యాయుఁడు వందలమందిని నడపుటకు వారి కీ పద్ధతి పనికివచ్చెను. ఇసుక సముద్రము దాఁటెను గాని, పిల్లవాని సంతోషము విద్యకు ఆధారమను భావము దానితో దాఁటలేదు.

ఆ భావమును దృఢముగా నిలిపినవారిలో మరియా మాంటిసోరి యొకరు. 1907లో రోము నగరపు పేదవాడలో నామె శిశుగృహమును తెఱచెను. గరుకు కాగితముతో కత్తిరించిన యక్షరములపై పిల్లలు వ్రేళ్లు పోనిచ్చి, ధ్వని విని, ఆకారమును చేతికి తెచ్చుకొనిరి. ఆమె మన బడి చూచి నేర్చినదని మేమనము. వ్రేలు నేర్చినది మనస్సు మఱవదని యిరువురును కనుఁగొనిరనుటయే మా తాత్పర్యము. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి యుపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. యుద్ధకారణమున 1946 వఱకు ఈ దేశముననే యుండెను.

ఇసుకకు గల గొప్ప గుణము క్షమ. తప్పు వ్రాసిన, అఱచేతితో తుడిచిన చాలును. ఆ తప్పునకు సాక్షి యుండదు. కాగితముపై నెఱ్ఱసిరా గీఁత యట్లు కాదు. మూఁడేండ్ల బిడ్డ చేత పెన్సిలు పెట్టి పుటలు నింపించుచున్న మన మీ భేదమును తలఁపవలదా? తెలుఁగు లిపి గుండ్రనిది. సున్న చుట్ట నేర్చిన వ్రేలికి ర, ఠ లెంతదూరము? తల్లి వాకిట ముగ్గు వేయుచుండఁగా ప్రక్కన పిడికెఁడు పిండి బిడ్డ కిచ్చిన నదియే ప్రథమపాఠము.

2009 నాఁటి విద్యాహక్కు చట్టము బడిలో శరీరదండనమును నిషేధించినది. కోదండమునకు శాసనము చాలును, భయమునకు చాలదు. దానిని తొలఁగించుట తల్లిదండ్రుల పని, ఉపాధ్యాయుల పని. అక్షరాభ్యాసమునాఁటి నవ్వు రెండవనాఁడును బిడ్డ మోమున నున్నదా యని మన మొక్కసారి చూతము. లేనియెడల తప్పు బిడ్డది కాదు.