ఆగడం తెలిసిన యంత్రం

మీ ఇంటి పంపు మోటారును ఒక చిన్న చిప్పు నడుపుతోందనుకోండి. దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు, గోరంత కంప్యూటర్. బావిలో నీళ్లు సున్నాకంటే రెండడుగులు తక్కువ ఉన్నాయని దాని లెక్కలో తేలింది. అది జరిగే పనేనా? అప్పుడు మోటారు ఆపి నిలిచిపోవడమే మేలు. 'ఇక్కడికి వచ్చేసరికి ఇది నిజమై ఉండాలి, లేకుంటే ఆగు' అని ప్రోగ్రాములో ముందే రాసిపెట్టే ఈ మాటనే అసెర్షన్ అంటారు.

ఈ ఆలోచన పాతదే. 1949 జూన్‌లో కేంబ్రిడ్జిలో ఆలన్ ట్యూరింగ్ దీన్ని మన బడి కూడికతోనే వివరించాడు. పెద్ద కూడికలో చేతిలో ఉంచుకున్న అంకెలను కూడా రాసిపెడితే, ఒక్కో వరుసను ఒక్కొక్కరు విడిగా సరిచూడవచ్చు. ప్రోగ్రామునూ అలాగే మధ్య మధ్య మాటలు నాటి సరిచూడమన్నాడు.

ఇటువంటి జాగ్రత్త గల యంత్రాన్ని మీరు చూశారు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రానికి హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. 1979లో నమూనా చేసింది. 'క్లోజ్' నొక్కకుండా 'రిజల్ట్' నొక్కితే అది 'ఇన్‌వ్యాలిడ్' అని ఊరుకుంటుంది. నిజానికి ఇది నొక్కినవారి పొరపాటును ఆపడం. అసెర్షన్ ఆపేది ప్రోగ్రాము సొంత తప్పును. రెండూ అన్నదమ్ముల్లాంటివి.

అయితే రాయని షరతును ఏ యంత్రమూ చూడదు. 1982లో కేరళలోని పరవూరులో 50 కేంద్రాల్లో యంత్రాలు పెట్టారు. చట్టంలో వాటికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టివేసింది. మళ్లీ కాగితం మీదే ఓట్లు వేయించారు.

జివతి తాలూకాలో పరందోళి, ముకదంగూడ వంటి 14 ఊళ్ల సంగతీ అంతే. అటు రాజురా నియోజకవర్గం, ఇటు ఆసిఫాబాద్. రెండు జాబితాల్లోనూ పేర్లున్నవారు ఎందరో. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలని చట్టం అంటుంది. ఆ షరతును చూడడం యంత్రం పని కాదు. చూసుకోవలసింది జాబితా రాసేవారు, ఆ తరువాత ఎడమ చూపుడువేలి సిరా. 2019లో రెండు వైపులా ఏప్రిల్ 11నే పోలింగు. 2024లో చంద్రపూర్‌లో ఏప్రిల్ 19న, తెలంగాణలో మే 13న. ఆ 24 రోజుల్లో వేలి మీద సిరా ఎంత మిగిలిందో ఆ ఊళ్ల వారే చెప్పాలి.