టేపు చుట్టలు – జీర్ణోద్ధరణ

రాయ్‌పూర్ నుండి బిలాస్‌పూర్ పోవు రాజమార్గమున ఉత్తరముగా సాగినచో మొదట సిల్తరా కర్మాగారముల పొగగొట్టములును, వానిని దాటిన పిమ్మట తహసీలు కచేరి గల ధర్సీవా గ్రామమును కాననగును. ఇనుము, ఉక్కు పరిశ్రమలు ఈ ప్రాంతమున విస్తరించినది 1990ల నుండియే. అంతకు పూర్వమిది ఛత్తీస్‌గఢ్ మైదానమున తక్కిన భాగములవలెనే వరిమళ్ళు, చెరువులు గల నేల. ఆ నేల నాడెట్లుండెనో తెలుపు సాక్ష్యములు కొన్ని కలవు. పట్వారీ బస్తాలోని పటము మడుల హద్దులు చూపును. గిర్దావరి లెక్క ఏ మడిలో ఏ పంట వేసిరో చెప్పును. కాని ఊళ్ళు, చెరువులు, పొలములు అన్నిటిని ఒకే దినమున, ఒకే చూపున చూచిన సాక్షి వేరొకటి కలదు. అది భూమికి 904 కిలోమీటర్ల యెత్తున తిరిగిన ఉపగ్రహము. దాని వాంగ్మూలము నమోదైనది ధర్సీవాలో గాదు, ఢిల్లీలోను గాదు. తెలుగునాట, షాద్‌నగర్‌లో, అయస్కాంతపు టేపు చుట్టలమీద.

జాతీయ దూరసంవేదన సంస్థ 1974లో హైదరాబాదున ఏర్పడినది. అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహముల సంకేతములను అందుకొనుటకై షాద్‌నగర్ భూకేంద్రము 1979లో పని నారంభించెను. 1988 మార్చి 17వ తేదీన బైకనూరునుండి మన మొదటి దూరసంవేదన ఉపగ్రహము ఐఆర్‌ఎస్-1ఏ ఎగసినది. అది 22 దినములకొకమారు అదే దారిన వచ్చి అదే నేలను చూచెడిది. దాని కెమెరాలలో ఒకదానికి కనబడెడి అతి చిన్న చుక్క నేలమీద 72.5 మీటర్లు. అనగా రైతు కనబడడు, ఎద్దు కనబడదు. పెద్ద చెరువు మాత్రము స్పష్టముగా కనబడును. 1982, 1984 సంవత్సరములలో ఎగసిన లాండ్‌శాట్ 4, 5 ఉపగ్రహములలో చూచినదానిని దాచుకొను టేపు యంత్రమే లేదు. ఆకాశమున ఉండగనే ఏదో యొక భూకేంద్రమునకో, మధ్యవర్తి ఉపగ్రహమునకో పంపవలెను. అందుచేత భారతదేశముమీది అనేక దృశ్యములకు భూకేంద్రమున తిరిగిన చుట్టయే మూలప్రతి. అది చెడినచో ఆ దినము చెడినట్లే. మరొకమారు ఆ దినమును ఫోటో తీయుట ఎవ్వరి తరము?

టేపు అనునది ప్లాస్టిక్ పట్టీమీద ఇనుపతుప్పు వంటి పొడిని జిగురుతో అంటించినది. కంప్యూటరు గదులలో దీర్ఘకాలము రాజ్యమేలిన టేపు అరంగుళము వెడల్పు, 2,400 అడుగుల పొడవు. దానిమీద తొమ్మిది వరుసలు; ఎనిమిది వరుసలలో అక్షరము, తొమ్మిదవ వరుసలో ఆ ఎనిమిదిటికి కాపలా. అంగుళమునకు 1,600 అక్షరముల చొప్పున వ్రాసినచో చుట్టకు సుమారు నాలుగు కోట్ల అక్షరములు పట్టును. 1952లో ఐబీఎమ్ వారు తమ టేపు యంత్రమును ప్రకటించిన నాటినుండి ఈ విద్య పెరుగుచు వచ్చి, నేడు అరచేతిలో పట్టు ఎల్‌టీఓ టేపు ఒక్కదానిలో అట్టి చుట్టలు లక్షలకొలది ఇమిడిపోవును. వ్రాయుటలో ఇంత అభివృద్ధి జరిగినది. తిరిగి చదువుటయే ప్రతి తరమున మొదటి కష్టముగా మిగిలినది.

చదువుటకు కావలసిన పనిముట్టు చూచుటకు మిక్కిలి అల్పమైనది. బొమ్మలు లేవు, మీటలు లేవు. తెరమీద ఒక్క వరుస టైపు చేయుట మాత్రమే. 1971లో బెల్ ప్రయోగశాలలో వెలువడిన యూనిక్స్ మొదటి కైఫియతులోనే 'ట్యాప్' అను ఆజ్ఞ కలదు. అనతికాలములోనే దాని స్థానమున 'టీపీ' వచ్చినది. 1979 నాటి ఏడవ కూర్పున 'టార్' వచ్చినది. టేపు ఆర్కైవు అను రెండు మాటలను కుదించగా ఏర్పడిన పేరు. నేటికిని ప్రపంచమున అసంఖ్యాకములైన కంప్యూటరులలో ఈ ఆజ్ఞ యున్నది. టేపు నెన్నడును కంటితో చూడని యువకులును దాని పేరు నిత్యము టైపు చేయుచున్నారు.

టార్ చేయు పని గుమాస్తాలకు సుబోధము. ప్రతి ఫైలునకు ముందు 512 అక్షరముల చీటీ యొకటి వ్రాయును. అందు ఫైలు పేరు, యజమాని సంఖ్య, పరిమాణము, తేదీ, చివర సరిచూచుకొనుటకు ఒక మొత్తము ఉండును. చీటీ వెనుక ఫైలు, దాని వెనుక మరియొక చీటీ. పార్సెలు మూటలు ఒకదాని వెనుక నొకటి రైలుపెట్టెలో పేర్చినట్లుండును. ఆజ్ఞకు తోడుగా 'సీ' అను అక్షరమిచ్చినచో క్రొత్తగా వ్రాయును. 'టీ' అన్నచో చీటీలు మాత్రము చదివి పట్టిక చూపును. 'ఎక్స్' అన్నచో ఫైళ్ళను బయటికి తీయును.

ప్రమాదమంతయు ఆ ఒక్క అక్షరముననే యున్నది. ఎక్స్ అనవలసిన చోట సీ అని టైపు చేసినచో, కాపాడవలసిన టేపు మొదలునుండియే చెరిగి, దానిమీద క్రొత్త వ్రాత పడును. ఫైళ్ళు పోయి ఆందోళనతో ఉన్న వేళనే మనుష్యుడు ఈ ఆజ్ఞ టైపు చేయునుగదా! చేతులు వణకుట సహజము. ఇందుకనియే పాత చుట్టలకు వెనుకవైపు ప్లాస్టిక్ ఉంగరము పెట్టిరి. ఉంగరము తీసివేసినచో యంత్రము చదువునే గాని వ్రాయదు. ఇంత చవుకలో ఇంత రక్షణ నిచ్చిన వస్తువు కంప్యూటరు చరిత్రలో మరొకటి లేదనవచ్చును. అట్లే, టేపు యంత్రమునకు యూనిక్స్‌లో రెండు పేర్లుండును. ఒక పేరున పిలిచినచో పని ముగియగనే టేపు మొదటికి చుట్టుకొనును. రెండవ పేరున పిలిచినచో ఆగినచోటనే యుండును. ఈ భేద మెరుగక మొదటి పేరుతోనే సోమవారపు ఫైళ్ళు, మంగళవారపు ఫైళ్ళు వరుసగా వ్రాసినచో, మంగళవారము సోమవారమును మ్రింగును. టేపు పెట్టెమీద మాత్రము రెండు దినముల పేర్లును చక్కగా వ్రాసియుండును.

మరియొక చిక్కు. ఫైలు పేరును మూలమునుండి పూర్తి త్రోవతో వ్రాసినచో, పాత టార్ దానిని తిరిగి తీయునపుడు అదే చోటున దింపెడిది. నిన్నటి ఫైలు నేటి ఫైలుమీద కూర్చుండెడిది. పోయిన ఒక్క కాగితమును తేబోయి ఉన్న పది కాగితములు పోగొట్టుకొనుట యన్న మాట. అనుభవజ్ఞులు త్రోవను కుదించి వ్రాసి, వేరొక ఖాళీ చోట దింపి, కంటితో చూచిన పిమ్మటనే స్వస్థానమునకు చేర్చెదరు. 'డంప్', 'రిస్టోర్' అను జంట ఆజ్ఞల పద్ధతి ఇంకొకటి. సున్న అంకెతో సమస్తమును, ఆపై అంకెలతో మారినవానిని మాత్రము టేపున కెక్కించుట. తిరిగి దింపునపుడు సున్నతో మొదలిడి వరుస తప్పక రావలెను. నడుమ నొక టేపు చెడినచో ఆ కాలమున మారినవి దొరకవు.

1980ల ఉత్తరార్ధమున మన బాంకులలో, ప్రభుత్వ కార్యాలయములలో యూనిక్స్ యంత్రములు ప్రవేశించినపుడు ఈ ఆజ్ఞలును వానితో వచ్చినవి. 1988–89లో భూమి పత్రములను కంప్యూటరున కెక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము ఎనిమిది జిల్లాలలో ఆరంభించెను. అందు ఆంధ్రప్రదేశ్‌నుండి రంగారెడ్డి, నాడు రాయ్‌పూర్ కూడ చేరియుండిన మధ్యప్రదేశ్‌నుండి మొరేనా ఉండెను. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిమ్మట ఈ రాష్ట్రపు ఖస్రాలు 'భుఇయా' అను పేరిట కంప్యూటరులో చేరినవి. బస్తా విప్పి చూచు కాలమున రైతు తన పేరున్న పుటను వ్రేలితో తాకగలిగెడివాడు. నేడాతని హక్కు ఒక గదిలోని యంత్రమునందును, దాని నకలునందును ఉన్నది. నకలు తీసితిమని రిజిస్టరులో సంతకము చేయుట సులభము. ఆ నకలునుండి ఒక్క పుటయైనను తిరిగి తీసి చూచితిరా యన్న ప్రశ్నకు సమాధానమిచ్చు రిజిస్టరులు మాత్రము అరుదు.

తెలుగువారికి ఈ విషయమున ప్రాచీనమైన దృష్టాంతము తిరుమలలోనే కలదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులమీద చెక్కించి ఆలయమున సంకీర్తన భండారమున భద్రపరచిరి. తాటాకు కంటె దృఢమైన సాధనము. నిప్పునకు, పురుగునకు లొంగనిది. శతాబ్దములు గడచి 1922 ప్రాంతమున ఆ రేకులు వెలుగులోనికి వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మున్నగువారి పరిశ్రమచేత పదములు చదువరులకు అందినవి. ప్రతి కీర్తనకు పైన రాగము పేరున్నది. పాడిన వరుస లేదు. చెక్కిన వారి కాలమున అది అందరికిని నోటనున్నది గనుక వ్రాయనక్కరలేదని తోచియుండును. రేకు నిలిచినది, అక్షరము నిలిచినది, పాట మాత్రము తరువాతివారు తామే కట్టవలసి వచ్చినది. టేపుల కథయు సరిగా ఇట్టిదే. పట్టీమీది గుర్తులు నిలిచినను, వానిని చదువు యంత్రము, వానిని పేర్చిన పద్ధతి తెలిసిన మనిషి, ఈ రెండును లేనిచో మిగిలినది చుట్ట మాత్రమే.

చంద్రునిమీద మానవుడు పాదము మోపిన 1969 జూలై నాటి మూలచిత్రములు గల టేపులు నేడు లేవు. నాసావారు వెదకి, అవి చెరిపివేయబడి తిరిగి వాడబడినవని 2009లో ప్రకటించిరి. 1980ల ఆరంభమున లాండ్‌శాట్ పనికి టేపుల కొరత తీవ్రముగా నుండెననియు, బహుశః ఆ కాలముననే చంద్రయాత్ర టేపులమీద వేరు వ్రాత పడెననియు చెప్పుదురు. అదే నిజమైనచో, పొలముల బొమ్మలకై చంద్రుని బొమ్మలు త్యాగము చేయబడినవన్న మాట. నాటి గుమాస్తాకు అది పాత టేపు మాత్రమే.

ఇందుకు విరుద్ధమైన కథయు కలదు. 1966–67 సంవత్సరములలో అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకలు చంద్రుని చిత్రించినవి. ఆ సంకేతములు గల సుమారు 1,500 టేపులను నాసాలో పనిచేసిన నాన్సీ ఇవాన్స్ పారవేయనీయలేదు. వానిని చదువగల ఆంపెక్స్ యంత్రములు కొన్నిటిని తన ఇంటి కారు కొట్టములో సంవత్సరములకొలది దాచినది. టేపు దాచినవారు లోకమున పలువురున్నారు. చదువు యంత్రమును గూడ దాచినది ఆమె. 2007 తరువాత డెన్నిస్ వింగో, కీత్ కౌవింగ్ అనువారు ఆ యంత్రములను బాగుచేసి, నాసా ఆవరణలో మూతపడిన మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలో పని సాగించిరి. 1966 ఆగస్టు 23న చంద్రుని అంచునుండి కనబడిన భూమి చిత్రము 2008 నవంబరులో మునుపెన్నడును లేని స్పష్టతతో బయటికి వచ్చినది.

పాత టేపులలో జిగురు తేమ పీల్చుకొని మెత్తబడుట సాధారణ వ్యాధి. చదువబోవగా పొడి ఊడి తలకు అంటుకొనును. నిపుణులు దానిని అతి స్వల్పమైన వేడిలో గంటలకొలది ఆరబెట్టుదురు. కొద్ది దినములు అది చదువుటకు అనువుగా నుండును, ఆ వ్యవధిలోనే పని ముగించవలెను. వర్షర్తువున నెలలకొలది గాలి చెమ్మగా నుండు మన దేశమున టేపుగదికి చల్లదనము, పొడిదనము ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

టేపు కాలము ముగిసినదని తలచువారికి 2011 ఫిబ్రవరి నాటి సంగతి గుర్తుచేయదగినది. గూగులువారి జీమెయిలులో వందకు 0.02 వంతు ఖాతాలలో ఉత్తరములు కనబడకుండ పోయినవి. ఉత్తరములకు పలుచోట్ల నకళ్ళున్నను, ప్రోగ్రాములోని తప్పు ఆ నకళ్ళన్నిటికిని ప్రాకినది. టేపులు యంత్రమునుండి విడివడి వేరుగా నుండుటచేత వానికి ఆ తప్పు సోకలేదు. ఉత్తరములు టేపులనుండియే తిరిగి వచ్చినవి.

లాండ్‌శాట్ చిత్రములు 2008నుండి అందరికిని ఉచితముగా లభించుచున్నవి. 2010లో అమెరికా భూగర్భ సర్వేవారు వివిధ దేశముల భూకేంద్రములలో మిగిలిన లాండ్‌శాట్ టేపులను, ఫైళ్ళను ఒకచోట చేర్చు పనికి పూనుకొనగా లక్షలకొలది దృశ్యములు సమకూడినవి. ఒక గ్రామపు చెరువు ముప్పది నలువది సంవత్సరములలో ఎంత పూడినదో, ఏ మడి కర్మాగారమైనదో వరుసగా చూచుటకు వీలు కలిగినది ఇట్టి పనులవలననే.

2025లో ఉటా విశ్వవిద్యాలయమున పాత సామాను సర్దుచుండగా ఒక టేపు దొరకినది. దానిమీద యూనిక్స్ నాలుగవ కూర్పు అని చేతివ్రాత యుండెను. ఆ కూర్పు 1973 నాటిది. యూనిక్స్ కేంద్రభాగము సీ భాషలో వ్రాయబడిన మొదటి కూర్పు. దాని పూర్తి ప్రతి ఎచ్చటను మిగులలేదని అంతవరకు తలచుచుండిరి. విశ్వవిద్యాలయమువారు దానిని తపాలాకు అప్పగింపక, కారులో పెట్టుకొని కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియమునకు తామే చేర్చిరి. అచ్చటివారు టేపును ముందుగా ఫైళ్ళవలె చదువబోలేదు. చదివెడి తలకు తోచిన అలలను ఉన్నవి ఉన్నట్లు సంగ్రహించి, ఆ పిదప ప్రోగ్రాముచేత అలలనుండి అక్షరములను విడదీసిరి. టేపులోని అక్షరములు బయటపడినవి. ఆ సంవత్సరాంతమున, పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రాముమీద ఆ కూర్పు లేచి, ఆజ్ఞ కొరకు ఎదురుచూచు గుర్తును తెరమీద చూపినది.